వేల్స్ ఆవిరి రైళ్ల యాత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్లకీ, హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకీ పనికొచ్చేలా రాసిన జవాబులివి. టైమ్‌టేబుళ్లు ఏటా మారతాయి కాబట్టి బయల్దేరే ముందు ఆయా రైల్వేల వెబ్‌సైట్లు తప్పకుండా చూసుకోండి.

ముందు ఏది బుక్ చేయాలి? ఫ్లైటా, హోటలా, రైలా?

ముందు ఏదీ బుక్ చేయొద్దు, క్యాలెండర్ చూడండి. ఈ రైళ్లు మన ప్యాసింజర్ రైళ్లలా రోజూ నడవవు. చాలావాటికి సీజన్ మార్చి చివరి నుంచో ఈస్టర్ నుంచో మొదలై అక్టోబర్ ఆఖరుతో ముగుస్తుంది. జూలై, ఆగస్టుల్లో దాదాపు రోజూ తిరుగుతాయి. మే, సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో వారానికి ఒకటి రెండు రోజులు సెలవు ఉంటుంది, ఆ సెలవు రోజు ఒక్కో రైల్వేకి ఒక్కోటి. డిసెంబర్‌లో క్రిస్మస్ తాత రైళ్లు నడుపుతారు గానీ అవి పిల్లల కోసం పెట్టే పొట్టి ప్రయాణాలు.

ప్రతి రైల్వే సైట్‌లోనూ రంగుల క్యాలెండర్ ఉంటుంది. ఎర్ర రంగు రోజుకి ఒక టైమ్‌టేబుల్, నీలం రోజుకి ఇంకొకటి, రంగు లేని రోజు రైలు లేదు. మీరు ఎక్కాలనుకున్న మూడు నాలుగు రైల్వేల క్యాలెండర్లు పక్కపక్కన పెట్టుకుని, అన్నీ నడిచే వారాన్ని పట్టుకోండి. హోటల్, ఫ్లైట్ ఆ తర్వాతే. హోటల్ ముందు తీసేసుకుని, మంగళవారం వెళ్లి స్టేషన్ గేటుకి తాళం చూసి తిరిగొచ్చేవాళ్లు ఏటా ఉంటారు.

అంత చిన్న దేశంలో ఇన్ని చిన్న రైళ్లు ఎందుకున్నాయి?

పలకరాయి వల్ల. ఉత్తర వేల్స్ కొండల్లో తవ్విన పలకలతో 19వ శతాబ్దంలో ప్రపంచంలో చాలా ఊళ్ల ఇళ్లకి కప్పులు వేశారు. ఆ రాయిని కొండ మీది క్వారీ నుంచి రేవుకి దించాలి. వెడల్పు పట్టాలు వేస్తే కొండని ఎక్కువ చెక్కాలి, ఖర్చు పెరుగుతుంది. అందుకే సుమారు రెండడుగుల గేజ్ (పట్టాల మధ్య దూరం) వేశారు, మలుపులు ఎంత బిగువుగా ఉన్నా బండి తిరుగుతుంది. ఫెస్టినియోగ్ రైల్వే 1836లో మొదలైనప్పుడు ఇంజనే లేదు. రాయి నింపిన బండ్లు వాలు మీద వాటంతటవే రేవుకి దిగేవి. ఖాళీ బండ్లని పైకి లాగాల్సిన గుర్రాలు కూడా ఆ దిగే రైల్లోనే, తమకోసం కట్టిన బండిలో నిలబడి కిందికి వచ్చేవి. 1863లో ఆవిరి ఇంజన్లు వచ్చాయి, 1865లో ప్రయాణికులకి అనుమతి దొరికింది.

పలకరాయికి గిరాకీ పడిపోయాక ఈ లైన్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1951లో తాలిల్లిన్ రైల్వేని స్వచ్ఛంద కార్యకర్తలు చేతిలోకి తీసుకుని నడిపారు. ప్రపంచంలో అలా కాపాడిన మొదటి రైల్వే అదే. మిగతావన్నీ ఆ దారిలోనే వచ్చాయి. మీ టికెట్ చూసే గార్డు రిటైరైన టీచరో, బ్యాంకు ఉద్యోగో అయ్యుండొచ్చు. 2021లో వాయవ్య వేల్స్ పలకరాయి ప్రాంతాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, ఫెస్టినియోగ్, తాలిల్లిన్ లైన్లు అందులో భాగం.

అన్నీ ఎక్కే టైమ్ లేదు. ఏవి ఎక్కాలి?

ఒక్కటే అయితే ఫెస్టినియోగ్. పోర్థ్‌మాడాగ్ రేవు నుంచి బ్లైనై ఫెస్టినియోగ్ దాకా పదమూడున్నర మైళ్లు, సుమారు 700 అడుగుల ఎక్కుడు, గంటా పావు ప్రయాణం. మొదట సముద్రానికి అడ్డంగా కట్టిన కట్ట మీద వెళ్తుంది, తర్వాత ఓక్ అడవి, చివర పలకరాయి గుట్టలు. దారిలో దిఆల్త్ దగ్గర లైను తన మీదుగా తనే చుట్టు తిరిగి పైకెక్కుతుంది. పాత దారిలో కొంత జలవిద్యుత్ రిజర్వాయర్ కింద మునిగిపోవడంతో, ఎత్తు పెంచి కొత్త దారి వేయడానికి అలా చుట్టు తిప్పాల్సి వచ్చింది. ఆ పని పూర్తయి 1982లో రైలు మళ్లీ బ్లైనై చేరింది.

ఇక్కడ చూడాల్సింది డబుల్ ఫెయిర్లీ ఇంజన్. రెండు బాయిలర్లు వీపులు ఆనించుకున్నట్టు ఉంటాయి, మధ్యలో నిప్పుగూడు, రెండు చివర్లా పొగగొట్టాలు. నిప్పుగూడు మధ్యలో అడ్డంగా ఉండటంతో డ్రైవర్ ఒక పక్క, ఫైర్‌మన్ రెండో పక్క నిలబడతారు. బాయిలర్ల కింది చక్రాల సెట్లు రెండూ వేటికవే తిరుగుతాయి కాబట్టి పొడవాటి ఇంజన్ కూడా బిగువు మలుపుల్లో ఒరుసుకోదు. 1879 నాటి మెర్దిన్ ఎమ్రిస్ ఇంకా పనిలో ఉంది. 2023లో జేమ్స్ స్పూనర్ అనే కొత్తదాన్ని తమ బోస్టన్ లాడ్జ్ షెడ్డులోనే తయారు చేసుకున్నారు.

రెండోది వెల్ష్ హైలాండ్: పోర్థ్‌మాడాగ్ నుంచి కైర్‌నార్వన్ దాకా 25 మైళ్లు, బ్రిటన్‌లో అన్ని హెరిటేజ్ లైన్లలోకీ పొడవైనది. ఒక వైపుకే రెండు గంటలకి పైగా పడుతుంది. 1930లలో మూతపడిన లైన్‌ని మళ్లీ వేసి, 2011లో ఈ చివర నుంచి ఆ చివరకి నడిపారు. లాగేవి దక్షిణాఫ్రికాలో పని చేసొచ్చిన భారీ గారట్ ఇంజన్లు. అబెర్‌గ్లాస్లిన్ కనుమలో నది పక్కనే సొరంగాల్లోంచి వెళ్లే ఆ కాసేపటి కోసమే ఈ టికెట్ కొనొచ్చు.

తాలిల్లిన్ చిన్నది, ఏడుంబావు మైళ్లు, 2 అడుగుల 3 అంగుళాల అరుదైన గేజ్. బోగీ తలుపులు ఒకే పక్క ఉంటాయి, రెండో పక్క వంతెనల గోడలకీ బోగీకీ మధ్య దిగే చోటు లేక. దోల్‌గోఖ్‌లో ఇంజన్ నీళ్లు పట్టుకుంటుంది. అక్కడ దిగి జలపాతాలు చూసి తర్వాతి రైలుకి రావచ్చు. 1865 ప్రాంతంలో ఈ లైన్‌కే తయారైన రెండు ఇంజన్లు, తాలిల్లిన్, దోల్‌గోఖ్, నేటికీ ఇక్కడే ఉన్నాయి. రైలు బయల్దేరే తవిన్ వార్ఫ్ స్టేషన్లోని నారోగేజ్ మ్యూజియానికి గంట కేటాయించండి.

వేల్ ఆఫ్ రెయిడోల్ అబెరిస్ట్‌విత్ నుంచి డెవిల్స్ బ్రిడ్జ్‌కి పన్నెండు మైళ్లకి కాస్త తక్కువ, ఒక వైపు గంట. 1902లో మొదలైంది. 1968లో బ్రిటిష్ రైల్ ఆవిరిని మిగతా అన్ని చోట్లా ఆపేసినా ఇక్కడ మాత్రం 1989లో అమ్మేదాకా నడిపింది. చివరి మైళ్లు లోయ అంచునే పోతాయి.

వెల్ష్‌పూల్ లాన్‌వైర్ లైన్ మనవాళ్లకి వేరే కారణంగా నచ్చొచ్చు. దాని గేజ్ 762 మిల్లీమీటర్లు. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం దాకా తిరిగిన చిన్న రైలుదీ అదే గేజ్. నౌపడ లైన్‌ని బ్రాడ్‌గేజ్ చేసేశారు, ఇక్కడిది మాత్రం 1902లో తయారైన ఇంజన్లతో సహా అలాగే ఉంది. గోల్ఫా ఎక్కుడులో 29 అడుగులకి ఒక అడుగు లేస్తుంది, ఇంజన్ ఆయాసం బోగీలోకి వినపడుతుంది.

పెద్ద గేజ్ రైలే కావాలంటే లాన్‌గోలెన్. డీ నది వెంట కోర్వెన్ దాకా పది మైళ్లు, కోర్వెన్ స్టేషన్ 2023లో తెరిచారు. దక్షిణాన కార్డిఫ్ వైపు ఉంటే మెర్థిర్ టిడ్‌విల్ దగ్గర బ్రెకన్ మౌంటెన్ రైల్వే ఒక పూటకి సరిపోతుంది. బాలా సరస్సు, లాన్‌బెరిస్ సరస్సు పక్కన తిరిగేవి గంట ప్రయాణాలు, చిన్నపిల్లలతో ఉంటే అవే మేలు.

రోజుకి రెండు రైళ్లు పెట్టుకోవచ్చా?

లాన్‌బెరిస్‌లో సరస్సు రైలు, స్నోడన్ కొండ ఎక్కే రైలు ఒకే రోజు కుదురుతాయి, రెండింటి స్టేషన్లూ నడిచి వెళ్లేంత దగ్గర. మిగతా చోట్ల వద్దు. మ్యాప్‌లో 20 మైళ్లే కనిపిస్తుంది, కానీ మధ్యలో కొండలు, రెండు గంటలకోసారి వచ్చే లోకల్ రైలు. పొద్దున రైలు 20 నిమిషాలు లేటైతే మధ్యాహ్నం టికెట్ పోయినట్టే.

వారం రోజులకి ఒక ప్లాన్ చెబుతారా? కారు లేకుండా.

మొదటి రోజు బర్మింగ్‌హామ్ నుంచి పోర్థ్‌మాడాగ్ చేరి నాలుగు రాత్రులు అక్కడే దిగండి. రెండో రోజు ఫెస్టినియోగ్ రానూపోనూ. పొద్దున మొదటి రైలు పట్టుకుంటే మధ్యాహ్నానికల్లా తిరిగొస్తారు. మూడో రోజు వెల్ష్ హైలాండ్‌లో కైర్‌నార్వన్‌కి ఒక వైపు టికెట్టే తీసుకోండి. రానూపోనూ తీసుకుంటే అక్కడ దొరికే వ్యవధి 1283లో మొదలుపెట్టిన ఆ ఊరి కోటని చూడటానికి చాలదు. కోట తీరిగ్గా చూసి టీ2 బస్సులో వెనక్కి రండి. నాలుగో రోజు బస్సులో లాన్‌బెరిస్, స్నోడన్.

ఐదో రోజు సామాను సర్దుకుని తీరం వెంట లోకల్ రైల్లో తవిన్. బార్మౌత్ దగ్గర 1867 నాటి చెక్క వంతెన మీదుగా వెళ్తుంది, కిటికీ వదలొద్దు. తవిన్ స్టేషన్ నుంచి తాలిల్లిన్ వార్ఫ్ స్టేషన్‌కి ఐదు నిమిషాల నడక. ఆ రాత్రి తవిన్‌లో ఉండండి. ఆరో రోజు అబెరిస్ట్‌విత్ వెళ్లి వేల్ ఆఫ్ రెయిడోల్, దాని స్టేషన్ పెద్ద స్టేషన్‌కి ఆనుకునే ఉంది. ఏడో రోజు అక్కణ్ణుంచి నేరుగా బర్మింగ్‌హామ్, సుమారు మూడు గంటలు.

మూడు రోజులే ఉంటే పోర్థ్‌మాడాగ్ దాటకండి.

రైల్లో వెళ్లేటప్పుడు ఎక్కడ పొరపాటు జరుగుతుంది?

మఖన్‌లెత్‌లో. బర్మింగ్‌హామ్, ష్రూస్‌బరీల నుంచి వచ్చే చాలా రైళ్లు అక్కడ రెండుగా విడిపోతాయి. సగం అబెరిస్ట్‌విత్‌కి, సగం పోర్థ్‌మాడాగ్ మీదుగా పుల్‌హెలీకి. తప్పు బోగీలో కూర్చుంటే నిద్ర లేచేసరికి వేరే ఊళ్లో ఉంటారు. ఎక్కేటప్పుడే ప్లాట్‌ఫాం మీద అనౌన్స్‌మెంట్ వినండి, బోగీలోని బోర్డు చూడండి, కండక్టర్‌ని అడగండి. కుటుంబం రెండు బోగీల్లో కూర్చోకుండా చూసుకోండి.

పోర్థ్‌మాడాగ్‌లో ఇంకో తికమక. ఫెస్టినియోగ్, వెల్ష్ హైలాండ్ రెండూ బయల్దేరేది ఊరికి ఆ చివర ఉన్న హార్బర్ స్టేషన్ నుంచి. మామూలు రైలు ఆగేది ఈ చివర. మధ్యలో బజారు వీధి, సామానుతో పావుగంట నడక. మామూలు స్టేషన్ దగ్గర వెల్ష్ హైలాండ్ హెరిటేజ్ రైల్వే అని బోర్డు కనపడుతుంది, అది వేరే సంస్థ నడిపే పొట్టి లైను. కైర్‌నార్వన్ టికెట్ పట్టుకుని అక్కడ క్యూలో నిలబడొద్దు. వెల్ష్‌పూల్‌లోనూ అంతే, చిన్న రైలు ఎక్కే రేవన్ స్క్వేర్ పెద్ద స్టేషన్ నుంచి మైలు దూరం. లాన్‌గోలెన్‌కి అసలు మామూలు రైలే లేదు, రువాబన్‌లో దిగి బస్సెక్కాలి.

తీరం లైన్లో కొన్ని స్టేషన్లు రిక్వెస్ట్ స్టాపులు. దిగాలంటే ముందే కండక్టర్‌కి చెప్పాలి, ఎక్కాలంటే డ్రైవర్‌కి కనపడేలా చెయ్యెత్తాలి.

లండన్ నుంచి వస్తే ఇంకో దారి ఉంది: యూస్టన్ నుంచి లాన్‌డుడ్నో జంక్షన్, అక్కడ మారి కాన్వీ లోయ లైన్లో బ్లైనై ఫెస్టినియోగ్. బ్లైనైలో పెద్ద రైలు, చిన్న రైలు ఒకే స్టేషన్లో ఆగుతాయి, అలా ఫెస్టినియోగ్ రైల్లోనే పోర్థ్‌మాడాగ్ దిగొచ్చు. అందమైన దారే కానీ కాన్వీ లోయ లైన్ వరదలకి తరచూ మూతపడుతుంది. పెద్ద వాన పడిన మర్నాడు ఫోన్లో చూసుకోకుండా బయల్దేరొద్దు.

స్నోడన్ రైలు ఊటీ రైలు లాంటిదేనా?

పళ్ల పట్టా సూత్రం ఒకటే, ఆబ్ట్ పద్ధతి. పట్టాల మధ్య పళ్లున్న ఉక్కు బద్దలు రెండు పక్కపక్కన ఉంటాయి. ఒకదాని పన్ను ఉన్నచోట రెండోదానికి ఖాళీ ఉంటుంది, అందువల్ల ఇంజన్ కింది పళ్లచక్రం ఎప్పుడూ ఏదో ఒకదాన్ని పట్టుకునే ఉంటుంది. స్నోడన్ ఇంజన్లు, ఊటీ లైన్ పాత ఇంజన్లు కూడా స్విట్జర్లాండ్‌లోని వింటర్‌టూర్ ఫ్యాక్టరీవే. తేడా వాలులో ఉంది. కల్లార్, కూనూర్ మధ్య సుమారు 12 అడుగులకి ఒక అడుగు, స్నోడన్‌లో ఎక్కువైన చోట ఐదున్నరకి ఒకటి. అందుకే ఇంజన్ కింది వైపు ఉండి ఒకే ఒక్క బోగీని పైకి తోస్తుంది.

లాన్‌బెరిస్ నుంచి 1085 మీటర్ల శిఖరానికి 4.7 మైళ్లు, 1896లో మొదలైంది. రానూపోనూ రెండున్నర గంటలు, అందులో శిఖరం మీద అరగంటే. వచ్చిన రైల్లోనే దిగిపోవాలి. శిఖరం మీది హాఫోద్ ఎరిరి భవనంలో కాఫీ క్యూలో నిలబడితే ఆ అరగంట అక్కడే అయిపోతుంది, ముందు పైకెళ్లి చూసి రండి. పేరు విషయం: నేషనల్ పార్క్ వాళ్లు 2022 నుంచి కొండని యర్ విత్వా అంటున్నారు, బోర్డుల మీద అదే ఉంటుంది.

డబ్బు కట్టే ముందు మూడు సంగతులు చూడండి. ఒకటి, ఆవిరి ట్రిప్పులు రోజుకి కొన్నే, మిగతావి డీజిల్. టికెట్ మీద ఏది రాసుందో చదవండి. రెండు, సీజన్ మొదట్లోనూ, గాలి బలంగా ఉన్న రోజుల్లోనూ రైలు శిఖరం దాకా పోదు, దారిలోని క్లోగ్విన్ స్టేషన్లోనో అంతకన్నా కిందో ఆపేస్తారు. మూడు, నడిచి ఎక్కి రైల్లో దిగుదామనే ఆలోచన పెట్టుకోవద్దు. దిగే సీట్లన్నీ ఎక్కినవాళ్లవే. కావాలంటే రైల్లో ఎక్కి నడిచి దిగండి, మోకాళ్లు ఒప్పుకుంటే. పైన మబ్బు కమ్మితే ఏమీ కనపడదు, దానికి డబ్బు వాపసు రాదు.

టికెట్లు ఎంత? తగ్గింపులు ఉన్నాయా?

పెద్ద లైన్లకి పెద్దవాళ్లకి రానూపోనూ సుమారు 25 నుంచి 50 పౌండ్లు అనుకుని బడ్జెట్ వేసుకోండి, స్నోడన్ ఆవిరి ట్రిప్పు ఆ పై కొసన ఉంటుంది. గ్రేట్ లిటిల్ ట్రెయిన్స్ ఆఫ్ వేల్స్ అనే సమాఖ్య వాళ్లు డిస్కౌంట్ కార్డు అమ్ముతారు, మూడు నాలుగు రైల్వేలు ఎక్కేవాళ్లకి గిట్టుబాటు. స్నోడన్‌కి ఆ కార్డు పనికొస్తుందో లేదో ముందే చూసుకోండి. పిల్లలున్నవాళ్లు ఫ్యామిలీ టికెట్ ధర, విడివిడి టికెట్ల మొత్తం రెండూ లెక్కేసి చూడండి. ఆగస్టులో వెళ్తే ఫెస్టినియోగ్, వెల్ష్ హైలాండ్, స్నోడన్ మూడూ కొన్ని వారాల ముందే బుక్ చేయాలి. మిగతావాటికి కొద్ది రోజుల ముందు చాలు.

ఏ పక్క కూర్చోవాలి?

పోర్థ్‌మాడాగ్ నుంచి ఎక్కేటప్పుడు ఫెస్టినియోగ్‌లో కుడి పక్క, లోయ అటే. కట్ట మీద మాత్రం కొండలు ఎడమ పక్క కనిపిస్తాయి, ఆ కాసేపు లేచి చూడండి. వెల్ష్ హైలాండ్‌లో పోర్థ్‌మాడాగ్ నుంచి వెళ్తే కనుమలో నది ఎడమ పక్క. వేల్ ఆఫ్ రెయిడోల్‌లో ఎక్కేటప్పుడు ఎడమ పక్క, తప్పక. కుడి పక్క కూర్చున్నవాళ్లకి కొండ గోడ, ఫెర్న్ ఆకులే.

ఆవిరి ఇంజనే వస్తుందని నమ్మకమేనా?

కాదు. వందేళ్లు దాటిన ఇంజన్‌కి ఏ గొట్టమైనా కారొచ్చు, అప్పుడు డీజిల్ తగిలిస్తారు. ఎండ ముదిరి గడ్డి ఎండిన వారాల్లో నిప్పురవ్వల భయంతోనూ డీజిలే నడపొచ్చు. బొగ్గూ ఒక సమస్యే: మెర్థిర్ టిడ్‌విల్ దగ్గరి ఫోస్-యి-వ్రాన్ గని 2023 నవంబర్‌లో మూతపడ్డాక, బొగ్గు పుట్టిల్లయిన వేల్స్‌లోనే రైల్వేలు విదేశీ బొగ్గు, పొడితో అచ్చు వేసిన ముద్ద బొగ్గు వాడుకుంటున్నాయి. టికెట్ ధరలు పెరగడానికి అదొక కారణం. ఫలానా ఇంజనే చూడాలంటే ముందు రోజు ఆఫీసుకి ఫోన్ చేసి అడగండి, డ్యూటీలో ఏదుందో చెబుతారు.

పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే?

చిన్న రైళ్లు చాలావాటిలోనూ, స్నోడన్ రైల్లోనూ టాయిలెట్ ఉండదు. ఎక్కే ముందే స్టేషన్లో పని ముగించుకోండి. ఫెస్టినియోగ్, వెల్ష్ హైలాండ్ రైళ్లలో వీల్‌చైర్ పట్టే బోగీలు ఉన్నాయి కానీ రెండు రోజుల ముందైనా చెప్పాలి. పాత బోగీల తలుపులు ఇరుకు, కొన్నిటిలో ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకి దారి ఉండదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి స్నోడన్ కన్నా వేల్ ఆఫ్ రెయిడోల్ సుఖం. డెవిల్స్ బ్రిడ్జ్‌లో మాత్రం జలపాతం దాకా మెట్లు చాలా ఉంటాయి, వాళ్లని కెఫేలో కూర్చోబెట్టి వెళ్లండి.

శాకాహారం దొరుకుతుందా?

స్టేషన్ కెఫేల్లో చీజ్ పెట్టిన కాల్చిన ఆలుగడ్డ, సూప్, టోస్ట్ దొరుకుతాయి. గ్లామోర్గన్ సాసేజ్ అన్నది పేరుకే సాసేజ్, చీజ్, ఉల్లికాడల్లాంటి లీక్స్‌తో చేసేది. వెల్ష్ కేకుల్లో గుడ్డు ఉంటుంది. కౌల్ అనే సూప్‌లో గొర్రె మాంసం. అన్నం లేకపోతే గడవని ఇంట్లో వాళ్లుంటే వంటిల్లున్న కాటేజ్ తీసుకుని, పప్పు, బియ్యం, పచ్చడి బర్మింగ్‌హామ్‌లోనో మాంచెస్టర్‌లోనో కొనుక్కుని రండి. ఆదివారం పెద్ద సూపర్‌మార్కెట్లు ఆరు గంటలే తెరుస్తారు, మామూలుగా 10 నుంచి 4 దాకా. స్టేషన్ కెఫేలూ చివరి రైలుతో మూసేస్తారు.

కారులో వెళ్తే మేలా?

బాలా, వెల్ష్‌పూల్, లాన్‌గోలెన్ కూడా ఉంటే మేలే. మన లైసెన్సుతో పర్యాటకులు 12 నెలల దాకా నడపొచ్చు, ఎడమ పక్కే కాబట్టి అలవాటు సమస్య లేదు. ఇబ్బందల్లా పల్లె రోడ్ల ఇరుకు. రెండు పక్కలా రాతి గోడ, ఎదురు బండొస్తే వెనక్కి తీయాల్సింది మీరే కావచ్చు. 2023 సెప్టెంబర్ 17 నుంచి వేల్స్‌లో ఇళ్ల మధ్య రోడ్లకి మామూలు పరిమితి 20 మైళ్లు, కెమెరాలు ఉన్నాయి.

బట్టలు, వాన, ఫొటోల సంగతి?

జూలైలోనూ వాన జాకెట్ ఉండాల్సిందే. బ్లైనైలో ఏడాది పొడవునా వానే. స్నోడన్ పైన కింద ఊరికన్నా బాగా చలి. ఓపెన్ బోగీలో ఎక్కితే తెల్ల చొక్కా వద్దు, ఇంజన్ వెనక మొదటి బోగీల్లో మసి రేణువులు పడతాయి. కంట్లో పడితే నలపకుండా నీళ్లతో కడగండి, కళ్లద్దాలు ఉంటే ప్రయాణంలో తీయొద్దు.

ఫొటోకి పోర్థ్‌మాడాగ్ కట్ట పక్కన కాలిబాట మంచి చోటు, రైలు మొత్తం నీళ్ల పక్కన ఒకే ఫ్రేములో వస్తుంది. తాన్-యి-బుల్ఖ్ స్టేషన్లో నడక వంతెన మీద నిలబడితే ఇంజన్ నీళ్లు పట్టుకోవడం పై నుంచి చూడొచ్చు. పట్టాల మీదకి దిగడం నేరం, కిటికీలోంచి చెయ్యి, ఫోన్ బయట పెట్టొద్దు. బండరాళ్లు బోగీకి జానెడు దూరంలో పోతాయి.